అమ్మ గురించి నేను చదవని కాగితం

మీ అమ్మగారు పోయి నెల కావస్తోందని రాశారు. బొమ్మలు వేసేవారు, బట్టలు కుట్టేవారు, తానున్న గదిలో ఎవరినీ ముఖం ముడుచుకుని కూర్చోనిచ్చేవారు కాదన్నారు. వచ్చే వారం అందరూ కలిసినప్పుడు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలి, కానీ నవ్వు తెప్పించే సంగతులు చెబితే తప్పుపడతారేమోనని మీ భయం. మీ ఐదేళ్ల పాపకు అమ్మమ్మ గుర్తుండిపోవాలంటే ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. రెండింటికీ నాకు తెలిసింది చెబుతాను. మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె కూడా అలాంటి మనిషే.

ఆ రోజుల్లో నేనూ కూర్చుని రెండు పేజీలు రాశాను. ప్రేమమూర్తి, సహనశీలి, కుటుంబం కోసం తనను తాను అరగదీసుకున్న తల్లి... ఇలాంటి మాటలతో నింపేశాను. రాస్తుంటే కన్నీళ్లు వచ్చాయి కాబట్టి బాగానే కుదిరిందనుకున్నాను. నాన్నకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివారు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశారు. "ఇదెవరి గురించమ్మా?" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. "మీ అమ్మకు సహనం ఎక్కడిది? వరసలో నాలుగు నిమిషాలు నిలబడమంటే నిలబడేది కాదు. ఇందులో హెడ్మాస్టరు సంగతేది?"

హెడ్మాస్టరు ఒక మేజోడు. మా ఇంట్లో జత పోయిన మేజోళ్లను పారేసేవాళ్లం కాదు. అమ్మ వాటికి గుండీలతో కళ్లు కుట్టి, పేరు పెట్టి, ఒక ఉద్యోగం ఇచ్చేది. బూడిదరంగు పొడుగు మేజోడు హెడ్మాస్టరు గారు. చాలా గంభీరమైన మనిషి, కానీ పదమూడో ఎక్కం రాదు. నేను లెక్కలు చేయనని మొండికేసిన రోజున అమ్మ నన్నొక్క మాట అనేది కాదు. తలుపు చాటు నుంచి హెడ్మాస్టరు గారు మెల్లగా తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, "పాపా, పదమూడు ఏడులు ఎంతమ్మా? ఎవరికీ చెప్పకు, ఉద్యోగం పోతుంది" అని గుసగుసలాడేవారు. ఆయన పరువు కాపాడటానికి నేను పదమూడో ఎక్కం నేర్చుకున్నాను. ఆయన మాటిమాటికీ మర్చిపోయేవారు, కాబట్టి నాకు బాగా వచ్చింది.

ఆ రెండు పేజీలు నేను చదవలేదు. దాని బదులు ఈ సంగతి చెప్పాను, తర్వాత పురుగుల సంగతి చెప్పాను (అదేమిటో కింద రాస్తాను). జనం నవ్వారు. ముందు కాస్త తడబడుతూ, ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ, తర్వాత గట్టిగా. ఒక పెద్దాయనకు నచ్చలేదు, ఇలాంటి చోట ఇదేం మాట అని పక్కన అన్నారట. అక్కకు ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. నాకు మాత్రం ఆ గదిలో అమ్మ ఉన్నట్టు అనిపించింది అప్పుడొక్కసారే.

మీ భయం గురించి ఒక సంగతి నాకు తర్వాత తెలిసింది. డేకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, జీవిత భాగస్వామిని కోల్పోయి ఆరు నెలలైన వాళ్లతో మాట్లాడి, ఆ మాటల మధ్య వాళ్ల ముఖాల్లో వచ్చిన మార్పులను పరిశీలించారు. 1997లో ఫలితాలు ప్రచురించారు. పోయిన మనిషి గురించి చెబుతూ మనసారా, కళ్ల చుట్టూ కండరాలు కదిలేలా నవ్విన వాళ్లలో కోపం తక్కువగా ఉంది, చుట్టుపక్కల వాళ్లతో సంబంధాలు మెరుగ్గా ఉన్నాయి. అంతవరకు నవ్వడమంటే దుఃఖాన్ని దాటవేయడమనే నేనూ అనుకునేదాన్ని. మీ అమ్మగారు జీవితమంతా మనుషుల్ని నవ్వించారంటే, ఆమె గురించి చెప్పేటప్పుడు నవ్వు రావడం అమర్యాద ఎలా అవుతుంది? నవ్వు తీసేసి చెబితే వినేవాళ్లకు వేరే ఎవరో కనిపిస్తారు, మా నాన్నకు కనిపించినట్టు.

కాబట్టి గుణాలు చెప్పకండి, జరిగినవి చెప్పండి. రెండు సంఘటనలు చాలు, నాలుగైదు నిమిషాలు. పెద్ద అక్షరాలతో రాసుకోండి, కళ్లు మసకబారినా కనిపిస్తాయి. ఇంకో ప్రతి ముందు వరసలో కూర్చునే మనిషి చేతిలో పెట్టండి, మీ గొంతు ఆగిపోతే ఆ మనిషి అందుకుని చదువుతారు. మా అక్క అలా కూర్చుంది. చదవాల్సిన అవసరం రాలేదు గానీ, ఆ కాగితం ఆమె చేతిలో ఉందన్న ధైర్యంతోనే నేను చివరిదాకా చెప్పగలిగాను.

సంఘటనలు ఎక్కడ దొరుకుతాయంటే, మీకు తెలిసినవి సగమే. మిగతా సగం వేరేవాళ్ల దగ్గర ఉంటాయి. నేను ముందు అందరినీ "అమ్మ ఎలాంటి మనిషి?" అని అడిగాను. "చాలా మంచిదమ్మా, బంగారం" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే అది. తర్వాత ప్రశ్న మార్చాను. "అమ్మ మిమ్మల్ని బాగా నవ్వించింది ఎప్పుడు? తన చేత్తో చేసింది ఏదైనా మీ దగ్గరుందా? ఎప్పుడైనా పోట్లాడుకున్నారా?" పోట్లాట గురించి అడగడానికి మొదట జంకాను. కానీ ఎక్కువ మాటలు అక్కడే దొరికాయి.

అమ్మ చిన్ననాటి స్నేహితురాలిని మేం పిన్నీ అని పిలుస్తాం. ఆమె చెప్పింది విని అక్కా నేనూ నోరు తెరుచుకుని కూర్చున్నాం. అమ్మకు పంతొమ్మిదేళ్లప్పుడు కాలేజీ నాటకానికి తెరలు, అట్టచెట్లు ఆమే రంగులు వేసిందట. ముందురోజు రాత్రి దాకా వేస్తూనే ఉందట, రంగు ఆరలేదు. నాటకం మధ్యలో నాయకుడి పాత్రధారి చెట్టుకు ఆనుకుంటే, అట్టచెట్టు వీపుకు అంటుకుని ఆయనతోపాటు నడిచిందట. జనం గోల. అప్పుడు అమ్మ తెర పక్క నుంచి ఒక కొమ్మ పట్టుకుని వేదిక మీదికి వచ్చి, ఆ చెట్టు ఉండాల్సిన చోట చేతులు చాచి నిలబడిపోయిందట. ఆ రంగం అయ్యేదాకా కదల్లేదట. "పోట్లాట ఎందుకొచ్చిందంటే, రంగు ఆరలేదని నాకు తెలుసు, చెప్పలేదు. నెల రోజులు మాట్లాడలేదు నాతో" అంది పిన్ని. మా అమ్మ మాకెప్పుడూ ఈ సంగతి చెప్పలేదు. నాన్నకు కూడా తెలియదు. మేం పుట్టక ముందు ఆమెకు ఒక జీవితం ఉందని తెలియకపోలేదు, కానీ ఆ కొమ్మ పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని ఊహించుకున్నాకే అది నిజమనిపించింది.

పిన్ని ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. నేను ఆమె దగ్గర ఒకే ఒక్క సాయంత్రం కూర్చున్నాను, ఇంకా ఎన్నిసార్లో కూర్చోవాల్సింది. మీ అమ్మగారి వయసు వాళ్లతో మాట్లాడే పని దేనికీ వాయిదా వేయకండి. ఫొటోలు, బట్టలు ఆగుతాయి.

ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు, దానికి కంగారు పడొద్దు. జ్ఞాపకం అంటే పెట్టెలో దాచింది తీసి చూపించడం కాదని, గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ అల్లుతుందని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లోనే రాశాడు. మా ఇంట్లో దానికి రుజువు ఒక చెప్పు. అమ్మ టేప్ రికార్డరు ముందు కూర్చుని రేడియోలోలా గొంతు మార్చి ఇంటి వార్తలు చదివేది. అందులో పోయిన చెప్పు గురించి ఒక వార్త ఉండేది. అది నాదని అక్క, అక్కదని నేను. ఇద్దరికీ ఆ రోజు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఏళ్ల తర్వాత క్యాసెట్ దొరికితే విన్నాం. "ముఖ్యాంశాలు. నాన్నగారి ఎడమ చెప్పు కనిపించుటలేదు. గాలింపు కొనసాగుతున్నది. వాతావరణం. సాయంత్రానికి నాన్నగారి ముఖాన మబ్బులు కమ్ముకునే అవకాశం ఉన్నది." చెప్పు నాన్నది! అమ్మ గురించి మేం రాసుకున్న పుస్తకంలో మూడు కథనాలూ ఉంచాం.

ఇప్పుడు పురుగుల సంగతి. అమ్మ కుట్టులో తప్పు పడితే విప్పేది కాదు. దాని మీద ఒక చిన్న పురుగు బొమ్మ కుట్టేసేది. ఎర్రటి వీపు, నల్ల చుక్కలు, ఆరు కాళ్లు. నా గౌన్ల మీద, అక్క సంచి మీద, దిండు గలీబుల మీద ఆ పురుగులే. బడిలో అందరూ అవి అందానికి అనుకునేవారు. అమ్మ ఆఖరున కుడుతున్న బొంత సగంలో ఆగిపోయింది. మా చిన్నప్పటి బట్టల ముక్కలన్నీ అందులో ఉన్నాయి. దాని మీద పురుగులు పదిహేడు. మేం లెక్కపెట్టాం.

ఆ బొంతలో సూది గుచ్చి ఉంది. దాన్ని అలాగే ఉంచాలని నాకు ఎంతో ఉండేది, ఆమె చెయ్యి ఆగిన చోటు కదా. కానీ తీసేశాను, మీరూ తీసేయండి. సూదులు, గుండుసూదులు తుప్పు పడతాయి, ఆ తుప్పు మరక బట్టలో దిగితే ఇక పోదు, పోగులను కూడా తినేస్తుంది. సూది ఉన్న చోట ఒక తెల్ల దారం ముడి వేసి గుర్తు పెట్టాను. బట్టలను ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టకండి, చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ఆమ్లం లేని పల్చటి కాగితం మధ్య పెట్టి, ఎండ తగలని పొడి చోట ఉంచండి. మడతలు మాత్రం అప్పుడప్పుడూ మార్చాలి, ఒకే మడత మీద ఏళ్లపాటు ఉంటే బట్ట అక్కడే చిరుగుతుంది.

బొంత పూర్తి చేద్దామని అక్క, వద్దని నేను. ఈ గొడవ ఏడాది నడిచింది. ఇలాంటివి పూర్తి చేయాలా అలాగే ఉంచాలా అన్నదానికి ఒక జవాబు లేదు. చివరికి ఒక్క అంచు మాత్రం, విప్పదీయడానికి వీలుగా, అక్క కుట్టింది. మధ్యలో ఒకచోట కుట్టు వంకర పోయింది. నన్నేమీ అడగకుండా ఎర్రదారం తీసుకుని పద్దెనిమిదో పురుగు కుట్టేసింది.

అమ్మ బొమ్మల పుస్తకాల గురించి రాయాలా వద్దా అని ఇంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాను. రాస్తాను. ఐదు పుస్తకాలు దొరికాయి. ప్రతి బొమ్మ కింద మూలన తేదీ ఉంది. వాటిని వరసగా పేర్చుతుంటే మూడో పుస్తకంలో నాలుగేళ్ల రెండు నెలల ఖాళీ కనిపించింది. నేను పుట్టడానికి నెల ముందు వేసిన కిటికీ బొమ్మ ఒక పేజీలో ఉంది. పేజీ తిప్పితే నాకు నాలుగేళ్లు దాటాయి. ఆ ఖాళీ తర్వాత మొదటి రెండు పేజీల్లో బొమ్మల్లేవు. వట్టి గీతలు, సున్నాలు, సున్నాలో సున్నాలు. చెయ్యి మళ్లీ తిరుగుతుందో లేదో చూసుకుంటున్న మనిషి గీసినవి. మూడో పేజీలో ఒక చెంబు. అది బాగా రాలేదు. దాని కింద కూడా తేదీ వేసింది.

నాన్నను అడిగితే, ఆ ఏళ్లలో నాకు తరచూ జబ్బు చేసేదని, అమ్మకు కంటినిండా నిద్ర ఉండేది కాదని చెప్పారు. "అడగాల్సింది నేను. అడగలేదు" అన్నారు. ఆ మాట తర్వాత మేమిద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ నాలుగేళ్లలోనే హెడ్మాస్టరు పుట్టాడని తర్వాత అక్క గుర్తు చేసింది. నిజమే. కానీ మేజోడు బొమ్మ మాకోసం చేసింది, పుస్తకంలో బొమ్మ తనకోసం వేసుకునేది. రెండూ ఒకటి అని చెప్పి నాకు నేను సర్దిచెప్పుకోదలచుకోలేదు. మా పుస్తకంలో ఆ నాలుగేళ్లకు ఒక ఖాళీ పేజీ ఉంచి, పైన రెండు తేదీలు మాత్రం రాశాం.

మీ అమ్మగారి జీవితంలో కూడా ఇలాంటిది ఏదో ఉంటుంది. తల్లిగా ఆమె ఏం చేశారో చెప్పేటప్పుడు, తల్లి కావడం వల్ల ఆగిపోయింది ఏమిటో కూడా వెతకండి. సభలో చెప్పక్కర్లేదు. మీరు తెలుసుకోండి. ఆమె కోపాలు కూడా వదలొద్దు. మా అమ్మకు కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేది కాదు. మొదలుపెట్టినవి సగంలో వదిలేసేది. నన్ను బడి నుంచి తీసుకెళ్లడం ఒకసారి పూర్తిగా మర్చిపోయింది, ఏదో రంగు కలుపుతూ. ఇవి తీసేస్తే మిగిలేది నేను రాసిన ఆ రెండు పేజీలే.

ఇక పాప. చిన్నపిల్లలు మర్చిపోతారన్నది నిజం. పాట్రీషియా బవర్, మరీనా లార్కినా 2014లో ప్రచురించిన పరిశోధనలో, మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో మాట్లాడిన సంఘటనలను పిల్లలు తర్వాత ఏ మేరకు గుర్తు చేసుకుంటారో చూశారు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు 60 శాతానికి పైగా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లకు వచ్చేసరికి 40 శాతం లోపే. అంటే మీ పాప దగ్గర ఇప్పుడు చాలా ఉంది, జారిపోబోయే వయసు ముందుంది. కాబట్టి ఆమెకు మీరు చెప్పడం కంటే ముందు ఆమె చేత చెప్పించుకోండి. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ వంటి పరిశోధకులు గమనించిందేమిటంటే, "అమ్మమ్మ బొమ్మ చేసింది కదా?" అని అవుననిపించుకునే ప్రశ్నల కన్నా, "అప్పుడు అమ్మమ్మ ఏం చేసింది? తర్వాత ఏమైంది?" అని మాటను పొడిగించే ప్రశ్నలు అడిగే ఇళ్లలో పిల్లలు జరిగినవి ఎక్కువగా, వివరంగా గుర్తుపెట్టుకుంటారు. పాప చెప్పింది ఆమె మాటల్లోనే, తప్పులతో సహా రికార్డు చేసి పెట్టండి. అమ్మమ్మ చేసిన వస్తువు ఒకటి తన చేతికివ్వండి, పాడైనా ఫరవాలేదనుకునేది. అక్క కొడుక్కి అమ్మ పోయినప్పుడు నాలుగేళ్లు, ఇప్పుడు పదమూడు. తనకు సొంతంగా గుర్తున్నది అమ్మ ఒళ్లో కూర్చుని పురుగు కాళ్లు లెక్కపెట్టడం ఒక్కటే. మిగతావన్నీ మేం చెప్పినవి, కానీ చూసినట్టే చెబుతాడు.

పనికొచ్చే ఇంకొన్ని సంగతులు త్వరగా చెప్పేస్తాను. మీ అమ్మగారి ఫోన్ నంబరు రద్దు చేయించే ముందు, ఫోన్ చెరిపేసే ముందు, ఆమె గొంతు ఉన్న మెసేజీలన్నీ బయటికి తీసి దాచండి. వాట్సాప్ ఖాతా మామూలుగా 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది. గూగుల్ వ్యక్తిగత ఖాతాలు రెండేళ్లు ఎవరూ తెరవకపోతే తొలగించవచ్చని 2023లో ఆ సంస్థ ప్రకటించింది, ఫొటోలు అందులోనే ఉంటే జాగ్రత్త. ఫొటోలను కనీసం 600 డీపీఐలో (స్కాన్ ఎంత వివరంగా వస్తుందో చెప్పే కొలత) స్కాన్ చేయండి, వెనక రాసినవి కూడా. జిగురు పేజీల ఆల్బంలో ఉన్నవి బలవంతంగా పీకకండి. అన్నిటికీ మూడు ప్రతులు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.

క్యాసెట్లుంటే, వాటి పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. ముందు వాటిని విరిచేయండి, పొరపాటున కూడా దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్లీ వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. టేపు పొర అంటుకుని ఉంటే మీరు ప్రయత్నించకుండా తెలిసినవాళ్లకు ఇవ్వండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 ఒక్కటే కాకుండా వేవ్ ఫైలు కూడా అడగండి, అందులో శబ్దం కుదించకుండా ఉంటుంది.

మా క్యాసెట్ ఎక్కించిన అబ్బాయి చాలా శ్రద్ధగా చేశాడు. వార్తలు అయిపోయాక చివరన పనికిరాని శబ్దం పదకొండు సెకన్లు ఉంది, తీసేయమంటారా అని అడిగాడు. పెట్టమన్నాను, విన్నాను. వార్తలు చదివే గొంతు పోయి అమ్మ మామూలు గొంతు. "ఆగిందా? ఏదీ, ఎర్రదా నొక్కాలి? ఇంకా తిరుగుతోందే... ఒసే, ఎవరైనా రండే, ఇది ఆగట్లేదు" అంటూ నవ్వుతోంది. దూరంగా ఏదో గదిలోంచి నా గొంతు, "వస్తున్నానమ్మా" అని. అక్కడ టేపు అయిపోయింది. తీయొద్దని చెప్పాను.